పన్నెండో ఆటగాడు చూసిన సీను

శనివారం పొద్దున ఆరున్నరకి సినిమా హాలు మేనేజరమ్మ తన వంటింటి బల్ల మీద ఒక కాగితం పరిచి, అది చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టింది. ఆ కాగితం మీద అయిదు ఆటలున్నాయి. మొదటిది తొమ్మిదికి, చివరిది రాత్రి ఎనిమిదికి. ఆటకీ ఆటకీ మధ్య సరిగ్గా పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో రెండు వందల ఎనభై మంది బయటికి వెళ్ళాలి, వాళ్ళు పారబోసిన పాప్‌కార్న్ చెత్తబుట్టలోకి వెళ్ళాలి, ఇంకో రెండు వందల ఎనభై మంది లోపలికి వచ్చి కూర్చోవాలి.

మామూలుగా ఆ హాల్లో రోజుకి నాలుగు ఆటలే. అయిదోది యజమాని పెట్టిన పరీక్ష. యజమానికి ఒక బావమరిది ఉన్నాడు, ఆ బావమరిదికి సోఫాల వ్యాపారం ఉంది, ఆ వ్యాపారం కన్ను ఏడాదిగా ఈ హాలు మీద ఉంది. "ఇంత పెద్ద గది, మధ్యలో ఒక్క స్తంభం లేదు, ఎన్ని సోఫాలు పడతాయో తెలుసా బావా!" అని భోజనాల దగ్గర రోజూ ఇదే పాట. వినీ వినీ చెవులు చిల్లులు పడిన యజమాని చివరికి ఒక మాట మీదికి వచ్చాడు. శనివారం అయిదు ఆటలూ టైముకి నడిస్తే హాలు హాలుగానే ఉంటుంది. నడవకపోతే సోమవారం తాళాలు బావమరిది చేతికి. మధ్యాహ్నం ఆటకి తనే వచ్చి వాచీ పెట్టి చూస్తానన్నాడు.

మేనేజరమ్మ ఆ హాల్లో టికెట్ల కిటికీ దగ్గర మొదలుపెట్టి, పంతొమ్మిదేళ్ళలో మేనేజరు గదిదాకా వచ్చింది. ఆవిడ కింద పదకొండు మంది. సోఫాల షాపులో వాళ్ళెవరికీ పని ఉండదు, ఆవిడకి అసలే ఉండదు. ఆ భయంతో వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని ఒక ఉపాయం కనిపెట్టింది. సినిమా అయిపోయాక తెర మీద ఎనిమిది నిమిషాల పాటు టైటిల్స్ పడతాయి. లైట్లు పట్టుకున్నవాళ్ళు, కార్లు నడిపినవాళ్ళు, టీలు అందించినవాళ్ళు, అందరి పేర్లూ పైకి వెళుతూ ఉంటాయి. వాటిని ఎవరూ చూడరు. మొదటి పేరు పడగానే జనం లేస్తారు, అప్పుడే ఊడ్చేవాళ్ళు లోపలికి దూరతారు. దాంతో పదిహేను నిమిషాలు ఇరవై మూడవుతాయి. ఆవిడ ధైర్యమంతా ఆ ఎనిమిది నిమిషాల మీదే ఉంది.

టైటిల్స్‌ని ఆఖరి పేరు దాకా కూర్చుని చూసే మనిషి ఆవిడకి తెలిసినంతలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఆవిడ మొగుడే, అదే బల్లకి అవతలి వైపు కూర్చుని, ఫోనులో బాస్కెట్‌బాల్ స్కోరు చూస్తూ తల బాదుకుంటున్నాడు.

"ఒక్క పాయింటు! ఒక్క పాయింటు తేడాతో పోయారు. చివరి రెండు నిమిషాలు ఆ పొడుగాయన బంతి ఎవరికీ ఇవ్వడే! సొంత ఆస్తిలా పట్టుకుని తిరిగాడు."

"గ్లాసు కదపకండి, కాగితం చుట్టుకుపోతుంది."

"నన్ను కోచ్‌ని చేస్తే ముందు ఆయన్ని కూర్చోబెడతాను."

"మిమ్మల్ని చేయరు. ఆ టీ తాగి షాపుకి బయల్దేరండి."

ఆయనకి కళ్ళద్దాల షాపుంది. పగలంతా ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేస్తాడు. తీరిక దొరికినప్పుడల్లా, దొరకనప్పుడు కూడా, ఫోనులో ఒక పేజీ రాస్తాడు. అక్కడ ఆయన పేరు పన్నెండో ఆటగాడు. బాస్కెట్‌బాల్ జట్టులో పన్నెండోవాడంటే బెంచీ చివర తువ్వాలు కప్పుకుని కూర్చుని, ఒక్కసారి కూడా బంతి ముట్టుకోకుండా, ఆడేవాళ్ళందరికీ సలహాలిచ్చేవాడు. ఆ పేరు ఆయనకి అతికినట్టు సరిపోయింది. ఎవరు ఏ జట్టుకి మారుతున్నారు, కామిక్స్‌లో ఎవరు చచ్చారు, చచ్చినవాడు ఎన్నో సంచికలో లేచి వస్తాడు, ఫలానా సినిమా రెండో భాగంలో ఎవరుంటారు, ఇవన్నీ ప్రతి శుక్రవారం రాస్తాడు. తొమ్మిది వేల మంది చదువుతారు. ఆ పన్నెండో ఆటగాడు కళ్ళద్దాల షాపాయన అని వాళ్ళలో ఒక్కరికీ తెలీదు. తెలిసిన ఒక్క మనిషీ ఆ పేజీ ఎప్పుడూ చదవదు.

"నిన్న మా సినిమా గురించి ఏమన్నా రాశారా?" అని ఆ మనిషి బ్యాగు సర్దుకుంటూ అడిగింది. హాల్లో గురువారం నుంచి ముసుగు వీరుడి కామిక్స్ మీద తీసిన సినిమా ఆడుతోంది. ఆయన మొదటి రోజే చూసి వచ్చాడు.

"మంచే రాశాను. బ్రహ్మాండంగా ఉందని రాశాను. చివర్లో ఒక చిన్న మాట కలిపాను, అంతే."

ఆవిడ అప్పుడు గ్లాసులు తీసి కాగితం మడతపెట్టే హడావుడిలో ఉంది. ఆ చిన్న మాట ఏమిటో అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజు అంత జరిగేది కాదు.

తొమ్మిదింటి ఆట సెకను తేడా లేకుండా మొదలైంది. పదకొండూ ఇరవై రెండుకి తెర మీద మొదటి పేరు పడింది. బాల్కనీ తలుపు బయట పెద్దక్క తన దళంతో సిద్ధంగా నిలబడి ఉంది. పెద్దక్క హాల్లో ఊడ్చేవాళ్ళందరికీ పెద్ద. వయసులోనే కాదు, ఎత్తులోనూ పెద్దే. గుమ్మాలన్నీ తల వంచి దాటే మనిషి. వంగి ఊడిస్తే నడుం పట్టేస్తోందని తన చీపురుని ఒక పొడవాటి కర్రకి కట్టించుకుంది. నడిచేటప్పుడు ఆ కర్రని భుజాన వేసుకుంటే చీపురు పుల్లలు నెత్తికి పైన విచ్చుకుని ఉంటాయి. ఆవిడ పద్ధతి ఒకటే. బాల్కనీ వెనక వరస గోడవారగా అటు చివరికంటా నడిచి, అక్కడి నుంచి మొదలుపెట్టి కిందికి ఊడ్చుకుంటూ వస్తుంది.

"తలుపు తియ్యి పెద్దక్కా, జనం లేస్తారు" అంది మేనేజరమ్మ.

పెద్దక్క తలుపు తీసింది. జనం లేవలేదు. పైన బాల్కనీలో కానీ కింద కానీ ఒక్కరంటే ఒక్కరు కదల్లేదు. లైట్లు పట్టుకున్నవాళ్ళ పేర్లని రెండు వందల మంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

మేనేజరమ్మ గబగబా కిందికి దిగి, పక్క దారిలో నడిచి, ఒక వరస దగ్గర ఆగింది. అక్కడ పన్నెండో నంబరు బాస్కెట్‌బాల్ జెర్సీ వేసుకున్న కాలేజీ అమ్మాయి కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది.

"సినిమా అయిపోయిందమ్మా. లేవండి."

"ష్! సీను రావాలి ఆంటీ."

"ఏ సీను?"

"టైటిల్స్ తర్వాతది."

"అలాంటిదేం లేదు."

జెర్సీ పిల్ల ఆవిడ వైపు జాలిగా చూసి, వెనక్కి తిరిగి స్నేహితులతో అంది. "విన్నారా? లేదంటున్నారు." ఆ వరసలో వాళ్ళంతా సీట్లలో ఇంకాస్త లోపలికి జారి కూర్చున్నారు.

ఆఖరి పేరు వెళ్ళిపోయింది. తెర తెల్లబడి పది సెకన్లు అలాగే ఉండి ఆరిపోయింది. "కోసేశారు!" అని ఎవరో అరిచారు. "మళ్ళీ వెయ్యాలి!" అని ఇంకెవరో అందుకున్నారు. ఎవరు చెప్పారు, ఎక్కడ చదివారు అని మేనేజరమ్మ నెత్తీ నోరూ బాదుకుంటే, జెర్సీ పిల్ల తన ఫోను తీసి ఆవిడ ముఖం ముందు పెట్టింది.

"మిగతా హాళ్ళ సంగతి నాకు తెలీదు. మన ఊరి హాల్లో మాత్రం ఆఖరి పేరు వెళ్ళిపోయి తెర తెల్లబడ్డాక ఒక నల్లటి ఆకారం ఎడమ నుంచి కుడికి నడిచి వెళ్ళింది. తాడిచెట్టంత మనిషి. భుజం మీద దండం. దండం కొసన మంటలు. కామిక్స్ నలభై ఎనిమిదో సంచికలో చచ్చిపోయిన దండధారి తిరిగి వచ్చాడు! ఎవరూ లేచిపోకండి. ఇట్లు మీ పన్నెండో ఆటగాడు."

మేనేజరమ్మకి ఒళ్ళు మండిపోయింది. పొద్దున ఆ మనిషికి తన చేత్తో టీ పెట్టి ఇచ్చింది.

హాలు ఖాళీ అయ్యేసరికి పన్నెండు కావస్తోంది. పెద్దక్క దళం లోపలికి పరిగెత్తింది. మేనేజరమ్మ తన గదిలోకి వెళ్ళి తలుపు వేసి ఫోను చేసింది. అవతల షాపులో ఒక కస్టమరు గడ్డం యంత్రం మీద ఆనించి గోడ మీది అక్షరాలు చదువుతున్నాడు.

"ఏమండీ, ఏమిటా రాత?"

"నిజమే రాశాను. నా కళ్ళతో చూశాను... ఆ కింది వరస చదవండి బాబూ... గురువారం ఆటకి హాల్లో చివరిదాకా కూర్చున్నది నేనొక్కణ్ణే, కాబట్టి నేనొక్కణ్ణే చూశాను."

"మీ కళ్ళద్దాలు మార్చి ఎన్నేళ్ళయింది?"

"తీరికేదీ?" అన్నాడు.

"ఆ సీను లేదని ఇప్పుడే రాయండి. అయిదు ఆటలూ టైముకి నడవకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. పదకొండు మంది రోడ్డున పడతారు. అర్థమవుతోందా మీకు?"

అర్థమైంది. భార్య గొంతు వణికితే ఆయన తట్టుకోలేడు. కస్టమరుని అక్షరాల ముందే వదిలేసి, పన్నెండు కొట్టగానే ఖండన రాసి పెట్టేశాడు. "నేను పొరబడ్డాను. అలాంటి సీను ఏదీ లేదు. దయచేసి సినిమా అవగానే లేచి వెళ్ళండి." మేనేజరమ్మ జీవితంలో మొదటిసారి ఆ పేజీ తెరిచి చదువుకుని, అమ్మయ్య అనుకుంది.

ఆవిడకి తెలియని సంగతి ఒకటుంది. మూడేళ్ళుగా ఆయన ఆ తొమ్మిది వేల మందికీ ఒకే ఒక్క సూత్రం నూరిపోశాడు. ఎవరైనా కాదన్నారంటే అవునన్నట్టే. ఈ జట్టు వదిలి వెళ్ళనని ఒట్టేసిన ఆటగాడు ఎనిమిది రోజుల్లో వెళ్ళిపోయాడు. ఆ సినిమాలో తను లేనే లేనన్న నటుడు క్లైమాక్సులో ఎగురుకుంటూ వచ్చాడు. ఈసారి నిజంగానే చంపేశామన్న కామిక్స్‌వాళ్ళు ఆరో సంచికలో లేపి నిలబెట్టారు. ఇవన్నీ ఆయన తేదీలతో సహా రాసి, చివర "ఖండన వచ్చిందంటే పండగ చేసుకోండి" అని కింద గీత కూడా గీశాడు. శిష్యులు గురువుని మించిపోయారు. ఖండన కింద జవాబులు పుట్టలు పుట్టలుగా వచ్చిపడ్డాయి.

"అర్థమైంది గురూ."

"ఆయన దయచేసి అనే మనిషి కాదు. ఎవరో పక్కన నిలబడి రాయించారు."

"మా ఊరి హాల్లో సీను లేదు. మీ దగ్గరే ఉందన్నమాట. మిగతా అన్ని చోట్లా కోసేసి అక్కడ మర్చిపోయారు. బస్సెక్కుతున్నాం."

బస్సులు ఎక్కినవాళ్ళు నిజంగానే దిగారు. నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలైన రెండో ఆటకి సీట్లు చాలక గోడల వెంట నిలబడ్డారు. మేనేజరమ్మ పైన గదిలో సినిమా వేసే ఆపరేటరు దగ్గరికి మెట్లెక్కి వెళ్ళి నిలదీసింది.

"టైటిల్స్ తర్వాత ఏమన్నా ఉందా? నిజం చెప్పండి."

"ముప్పై ఏళ్ళుగా సినిమాలు వేస్తున్నానమ్మా" అన్నాడు ఆపరేటరు. "టైటిల్స్ పడగానే టీకి వెళ్తాను. ఆ తర్వాత ఏముంటుందో నాకేం తెలుసు?"

"అయితే ఈ ఆటకి టీ మానేసి, మొదటి పేరు పడగానే హాల్లో లైట్లన్నీ వేసెయ్యండి. వెలుతురుకైనా లేస్తారు."

లైట్లు వేశారు. లేవలేదు. "ఆర్పండి, ఆర్పండి" అని ఆ ఎనిమిది నిమిషాలూ గోల చేస్తూనే ఉన్నారు. వెలుతురులో తెర మీద ఏ పేరూ కనిపించలేదు, తెర తెల్లబడిందో లేదో కూడా తెలియలేదు. దాంతో కేసు ఇంకా గట్టిపడింది. సీను పడే టైములోనే లైట్లు వేశారంటే దాచడానికి కాక ఇంకెందుకు? ముప్పావు వంతు జనం బయటికి వెళ్ళి, మళ్ళీ టికెట్లు కొనుక్కుని, మూడో ఆట వరసలో నిలబడ్డారు.

యజమాని రెండుంబావుకే వచ్చాడు. రెండున్నర ఆట మూడుంబావుకి మొదలవడం కళ్ళారా చూశాడు. ఆయన వెంట బావమరిది కూడా వచ్చాడు. చేతిలో కొలత టేపు.

"మేనేజరమ్మా, రెండున్నర అంటే మూడుంబావా?" అన్నాడు యజమాని.

"జనం లేవడం లేదండీ."

"లేవకపోవడమేమిటి? సినిమా అయిపోతే ఎవరైనా లేస్తారు కదా!"

దీనికి సమాధానం చెప్పాలంటే మొగుడి పేరు చెప్పాలి.

"బావా, ఈ గోడకి మూడు ముక్కల సోఫా సరిగ్గా సరిపోతుంది" అన్నాడు బావమరిది, టేపు ఒక కొస టికెట్ల కిటికీకి ఆనించి. పంతొమ్మిదేళ్ళ కిందట తను మొదటి టికెట్టు చింపి ఇచ్చిన కిటికీ అది.

"ఈ ఆట అయ్యాక హాలు ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో చూస్తాను" అన్నాడు యజమాని వాచీ సరిచేసుకుంటూ. "అదొక్కటీ చూసి మాట చెప్పేస్తాను."

ఆవిడ పక్కకి వెళ్ళి మళ్ళీ ఫోను చేసింది. "షాపు మూసి రండి. మీరే వచ్చి జనం ముందు నిలబడి, అబద్ధం రాశానని చెప్పండి."

"రెండు నిమిషాల్లో వస్తా."

"మీ బాస్కెట్‌బాల్ నిమిషాలు కాదు. మా గోడ గడియారం నిమిషాలు."

బాస్కెట్‌బాల్‌లో చివరి రెండు నిమిషాలు అరగంట నడుస్తాయి. ఆయన సరిగ్గా అంతసేపటికే, ఇంటర్వెల్ గంట కొడుతుండగా, రొప్పుతూ వచ్చాడు. ఆవిడ ఆయన్ని చెయ్యి పట్టుకుని తెర ముందున్న అరుగు ఎక్కించింది. మొదటి వరసలో యజమాని, పక్కన బావమరిది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నేనే పన్నెండో ఆటగాణ్ణి. నేను రాసింది తప్పు. అలాంటి సీను లేదు."

జెర్సీ పిల్ల లేచి నిలబడింది.

"మీరే ఆయన అని గ్యారంటీ ఏంటి? నలభై ఎనిమిదో సంచికలో దండధారి ఎలా చచ్చాడో చెప్పండి చూద్దాం."

"చెప్పకండి" అంది మేనేజరమ్మ పక్క నుంచి, పళ్ళ బిగువున.

ఆయన నిజంగానే నోరు నొక్కుకోబోయాడు. అయితే వెనక నుంచి ఎవడో "కొండ మీద నుంచి పడి" అన్నాడు. అంత తప్పు విని ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు. "కొండ కాదు బాబూ, గడియార స్తంభం! కొండ మీద నుంచి పడింది ముప్పై ఒకటో సంచికలో, అదీ వాడి తమ్ముడు" అని మొదలుపెట్టి, అట్ట మీది బొమ్మ ఎవరు వేశారో, రెండో ముద్రణలో రంగు ఎందుకు మారిందో, మూడు నిమిషాలు ఆపకుండా చెప్పాడు. చప్పట్లు మారుమోగాయి. ఆయనే పన్నెండో ఆటగాడని ఎవరికీ అనుమానం మిగల్లేదు.

"అరె, ఈయన కళ్ళద్దాల షాపాయన!" అని బాల్కనీలోంచి ఒక గొంతు వినిపించింది. "మేనేజరమ్మ గారి మొగుడు!"

"అదీ సంగతి!" అంది జెర్సీ పిల్ల. "ఇంట్లోవాళ్ళే నోరు నొక్కేశారు. సార్, మీరు ఒక్క మాట చెప్పండి చాలు. మీ కళ్ళతో చూశారా, లేదా?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. ఆయన జనం వైపు చూశాడు. మూడేళ్ళుగా ముఖాలు తెలియకుండా తన రాతలు చదివిన మనుషులు, మొదటిసారి ఎదురుగా కూర్చుని, నమ్మకంగా చూస్తున్నారు. పాపం, ఆయనకి అబద్ధం ఆడడం అలవాటు లేదు.

"చూశాను" అన్నాడు మెల్లగా. "కింద ఏడో వరస, దారి పక్క సీట్లో కూర్చుని చూశాను."

మేనేజరమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని పక్కనున్న కుర్చీలో కూలబడింది. బావమరిది టేపు బయటికి లాగాడు.

రెండో సగం ఎలా నడిచిందో ఆవిడకి గుర్తు లేదు. పక్క తలుపు దగ్గర నిలబడి, పదకొండు మందికీ ఏం చెప్పాలో మనసులో మాటలు కూర్చుకుంది. పావు తక్కువ ఆరు దాటాక మొదటి పేరు పడింది. ఎవరూ లేవలేదు సరి కదా, బాల్కనీలో జనం మొత్తం దబదబా మెట్లు దిగి కింది హాల్లోకి వచ్చి పడ్డారు. ఏడో వరస చుట్టూ, దారుల్లో, సీట్ల చేతుల మీద, సందు దొరికిన చోటల్లా ఇరుక్కున్నారు. యజమాని వాచీ చూసుకున్నాడు. ఆయన చుట్టూ ఎంత జనం చేరారంటే ఆయన కూడా లేవడానికి వీల్లేదు.

పైన బాల్కనీ తలుపు బయట పెద్దక్క పొద్దుటి నుంచి మూడోసారి చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ సహనం చచ్చిపోయింది. తలుపు తోసి చూస్తే బాల్కనీ ఖాళీ. "వీళ్ళ సీను తగలెయ్య, కనీసం పైనన్నా ఊడ్చేస్తాను" అని గొణుక్కుని, కర్ర భుజాన వేసుకుని, ఎప్పటిలాగే వెనక వరస గోడవారగా అటు చివరికి బయల్దేరింది. సినిమా వెలుతురు బయటికి వచ్చే కిటికీ ఉన్నది ఆ గోడకే.

ఆఖరి పేరు వెళ్ళిపోయింది. తెర తెల్లబడింది. ఎడమ పక్క నుంచి తెర నిండా ఒక నల్లటి ఆకారం లేచింది. భుజం మీద దండం. దండం కొసన మంటలు. ఆ ఆకారం ఎవరినీ లక్ష్యపెట్టకుండా తెర మధ్యకి వచ్చి, ఒక్క క్షణం ఆగి నడుం సవరించుకుని, కుడి వైపుకి వెళ్ళిపోయింది. తెర ఆరిపోయింది.

హాలు దద్దరిల్లిపోయింది. ఈలలు, అరుపులు, ఎగిరిన పాప్‌కార్న్ డబ్బాలు. పక్క తలుపు దగ్గర తెర వైపు కాక బాల్కనీ వైపు తల తిప్పి చూసింది మేనేజరమ్మ ఒక్కతే. పైన పెద్దక్క నింపాదిగా చీపురు దించి, మొదటి సీటు కింద ఊడుస్తోంది.

లోకానికి వార్త చెప్పాలన్న ఆత్రంలో జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ బయటికి పరిగెత్తారు. హాలు నాలుగు నిమిషాల్లో ఖాళీ అయింది. అంత తొందరగా ఖాళీ అవడం పంతొమ్మిదేళ్ళలో ఎన్నడూ లేదు. యజమాని నోరు తెరుచుకుని తెర వైపే చూస్తూ నిలబడ్డాడు.

"మేనేజరమ్మా, ఆ సీను మన దగ్గరే ఉందా?"

ఆవిడ పైన బాల్కనీ వైపు ఒకసారి చూసింది. "మన దగ్గరే ఉందండీ" అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

"రేపు కూడా ఉంటుందా?"

"పిలిస్తే వస్తుందండీ."

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. "పిచ్చిదానివమ్మా! ఊళ్ళు ఊళ్ళు కదిలి వస్తుంటే అయిదు ఆటలు దేనికి? నాలుగే వెయ్యి, హాయిగా వెయ్యి. సీను దగ్గర మాత్రం ఎవరినీ తొందర పెట్టకు" అని బావమరిది వైపు తిరిగాడు. "నువ్వు ఇంకో గది చూసుకోవోయ్." బావమరిది టేపు టప్పున లోపలికి దూరింది. ఆ రోజు మిగిలిన రెండు ఆటలు ఎన్నింటికి మొదలయ్యాయో యజమాని అడగనే లేదు.

ఉద్యోగం నిలబడింది, పదకొండు మందీ నిలబడ్డారు. మేనేజరమ్మ తన గదిలో కూర్చుని చాలాసేపు నీళ్ళు తాగింది. ఇంతలో మొగుడు వచ్చాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"చూశావా? నన్ను అబద్ధాలకోరుని చేశావు కదే!"

"అది పెద్దక్క చీపురండీ" అంది ఆవిడ.

ఆయన చిరునవ్వు నవ్వి, ఆవిడ చెయ్యి నిమిరాడు. "తెలుసు, నువ్వు కాదనే అంటావు. యజమాని చెప్పొద్దన్నాడా? సరే, నాకు అర్థమైంది."

ఆవిడకి ఎక్కడ లేని కోపం వచ్చింది. ఆయన్ని లాక్కెళ్ళి ఏడో వరసలో కూర్చోబెట్టి, ఆపరేటరు చేత తెల్ల తెర వేయించి, పెద్దక్కని వెనక వరసలో మళ్ళీ నడిపించింది. ఆయన జాగ్రత్తగా చూసి తల ఊపాడు.

"డూపుని బాగానే పెట్టావు. కానీ అసలువాడి ఠీవి వేరు" అన్నాడు.

మేనేజరమ్మ ఆదివారం నుంచి నాలుగు ఆటలకీ బాల్కనీ వెనక వరస సీట్లకి టికెట్లు ఆపేసింది. సంగతి విన్న పెద్దక్క, "నన్ను చూసా తల్లీ ఆ ఈలలు?" అని అడిగి, మర్నాటి నుంచి మధ్యలో ఆగి తల ఒక పక్కకి తిప్పడం కూడా మొదలుపెట్టింది. హాలు రోజూ కిటకిటలాడింది. బుధవారం మాత్రం పెద్దక్క, తన కూతురు ఇల్లు మారుతోందని మూడు రోజులు సెలవు పెట్టి వెళ్ళిపోయింది. దళంలో మిగతావాళ్ళు సిగ్గుపడ్డారు. ఆపరేటరు తనకి టీ టైమన్నాడు. చివరికి మేనేజరమ్మే కొంగు బిగించి, ఆ కర్ర భుజాన వేసుకుని, రోజుకి నాలుగుసార్లు చీకట్లో గోడవారగా నడిచింది.

శుక్రవారం పన్నెండో ఆటగాడు ఎప్పటిలాగే రాశాడు. "బుధవారం నుంచి దండధారి వేషం ఎవరో కొత్తవాడికి ఇచ్చినట్టున్నారు. మనిషి పొట్టి. దండం పట్టుకోవడం రాదు. పైగా ఇంట్లో ఎవరి మీదో పీకలదాకా కోపం ఉన్నట్టు నడుస్తున్నాడు."

మూడేళ్ళుగా ఆయన రాసిన వార్తల్లో ఖండించడానికి వీల్లేనిది ఆ చివరి వాక్యం ఒక్కటే.